గల్లాపెట్టె నుంచి ఇంటికి ఎంత?

వ్యాపారం ఎలా ఉందని అడిగితే మన కొట్ల యజమానులు ముందుగా టర్నోవర్ చెబుతారు. నిజానికి ఆ అంకెతో తెలిసేది తక్కువ. ఒక బట్టల కొట్టు తీసుకుందాం. అన్నదమ్ములిద్దరు నడుపుతున్నారు, కొట్టు సొంతం. ఏడాది చివర 8 లక్షలు మిగిలితే బాగుందనుకుంటారు. అదే కొట్టు బయటివాళ్లకిస్తే నెలకు 30 వేల అద్దె వస్తుంది, అంటే ఏడాదికి 3.6 లక్షలు. పొద్దున్నుంచి రాత్రిదాకా వాళ్లు చేసే పనికి మనుషుల్ని పెట్టుకుంటే ఒక్కొక్కరికి నెలకు 25 వేలివ్వాలి, అది 6 లక్షలు. రెండూ కలిపి 9.6 లక్షలు. మిగిలిందనుకున్న చోట 1.6 లక్షలు తరుగు. అందుకే మొదటి లక్ష్యం విస్తరణ కాకూడదు. అన్నదమ్ములిద్దరికీ నెల జీతం ఖాయం చేసి, ఇంటి ఖర్చుకు గల్లాపెట్టె ముట్టుకోకుండా ఉండడం కావాలి.

ఆ తర్వాతే ఏది విజయమో ఇంట్లో ఒక్కొక్కరినీ అడగాలి. అన్నకు పక్క ఊళ్లో రెండో కొట్టు కావాలి. తమ్ముడికి కూతురి మెడిసిన్ సీటు ముఖ్యం. తల్లికి ఇద్దరూ విడిపోకుంటే చాలు. అన్నీ న్యాయమైన కోరికలే, కానీ డబ్బు రావాల్సింది ఒకే కొట్టు నుంచి. కాబట్టి ప్రతిదానికీ మొత్తం, గడువు, వరస రాసుకోవాలి. ‘బాగా ఎదగాలి’ అంటే ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటారు. ‘2029 మార్చికల్లా బ్యాంకు ఓడీ తీర్చాలి, రెండో కొట్టు మాట ఆ తర్వాతే’ అంటే తీరిందో లేదో అందరికీ తెలుస్తుంది.

రాజాం నుంచి ఎదిగి ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాల దాకా వెళ్లిన జీఎంఆర్ గ్రూపులో గ్రంధి మల్లికార్జునరావుతో పాటు ఇద్దరు కొడుకులు, అల్లుడు పనిచేస్తారు. ఆ కుటుంబం తమకంటూ ఒక రాజ్యాంగమే రాసుకుంది. చిన్న కొట్టుకు అంత పెద్ద పత్రం అక్కర్లేదు, నాలుగు పేజీలు చాలు.

ఆ పేజీల్లో తప్పించుకోలేని విషయాలు రెండున్నాయి. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతో సంస్థ రద్దవుతుంది. ఉన్నదే ఇద్దరైతే, ఇంకొకరిని చేర్చుకునే ఏర్పాటూ ముందే ఉండాలి. రెండోది ఆడపిల్లలు. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో వాళ్లకు సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో, కేంద్రం 2005లో చట్టం సవరించాయి. అయినా లక్ష్యాలు మాట్లాడుకునేటప్పుడు వాళ్లను పిలిచే ఇళ్లు తక్కువ. ఇది అన్యాయం, పైగా రేపటి కోర్టు ఖర్చు.

పిల్లలకు కొట్టు మీద ఇష్టం లేకపోతే? దాన్ని ఓటమిగా చూడడం నాకు సరైనదనిపించదు. జీతానికి మేనేజరును పెట్టడమా, అమ్మడమా అన్నది తండ్రి ఆరోగ్యంగా ఉండగానే తేల్చుకోవాలి. గిరాకీ ఉన్నప్పుడు సరుకుతో పాటు పేరుకూ ధర కడతారు. మూతపడ్డాక వచ్చేవాళ్లు గోడల విలువే అడుగుతారు.