సూది పట్టిన చేతికి దక్కవలసినది

పొందిక లేని దేనినైనా తేలిక చేయాలంటే మనవాళ్ళు ‘అతుకుల బొంత’ అంటారు. రాజకీయ పొత్తుల దగ్గర్నుంచి అరువు తెచ్చుకున్న ప్రసంగాల వరకు ఆ మాట వాడని చోటు లేదు. బొంత కుట్టే చేతులను దగ్గరగా చూసినవారు మాత్రం ఆ మాటను అంత తేలికగా అనలేరు. కృష్ణా డెల్టా పల్లెల్లో చంటిబిడ్డను మొదట పడుకోబెట్టేది బొంత మీద. ముసలివారు నడుము వాల్చేదీ బొంత మీదే. ఈ రెంటి మధ్య బ్రతుకంతా ఎవరో ఒక స్త్రీ కుట్టిన కుట్ల మీద నడుస్తుంది.

బొంత కుట్టడం కూడా ఒక విద్యే. ఐదున్నర మీటర్ల పాత నూలు చీరను మూడు మడతలు వేస్తే ఆరడుగుల పొడవు, నాలుగడుగులకు కాస్త తక్కువ వెడల్పు వస్తుంది. అలాంటివి మూడు నాలుగు ఒకదానిమీద ఒకటి పరుస్తారు. అన్నిటికంటే గట్టిగా ఉన్న చీర పైకి, చిరుగులున్నవి లోపలికి. గంజి పోయేలా ఉతికి, ఎండలో ఆరవేసి, చాపమీద ముడతలు లేకుండా సాగదీసి, ముందు నాలుగు మూలలూ కుట్టి పట్టు నిలుపుతారు. తరువాత అంచునుంచి లోపలికి వరస తరువాత వరస. ఒక వరస వంకరపోతే ఆ బొంత ఎప్పటికీ ఉబ్బుగానే ఉంటుంది. ఇద్దరు స్త్రీలు మధ్యాహ్నం పనులయ్యాక కూర్చుంటే ఒక బొంతకు నాలుగైదు రోజులు పడుతుంది. ఆ నాలుగైదు రోజులకు వెల ఎంత? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

కప్పుకునే గుడ్డ విషయాన్ని దేవుడు చిన్నదిగా చూడలేదు. నిర్గమకాండము 22వ అధ్యాయం 26, 27 వచనాలు చదవండి. బీదవాని పైబట్టను తాకట్టు పెట్టుకున్నవాడు ప్రొద్దు గుంకేలోగా దానిని తిరిగి ఇచ్చివేయాలి. వానికి ఉన్న దుప్పటి అదొక్కటే, రాత్రి వాడు దేనిని కప్పుకుంటాడని దేవుడే అడుగుతున్నాడు. వాడు మొరపెడితే తాను వింటానని కూడా చెబుతున్నాడు. ఆకాశమును భూమిని సృజించినవాడు ఒక బీదవాని దుప్పటి గురించి చట్టం వ్రాయించాడంటే ఆయన మనసు ఎక్కడ ఉందో గ్రహించవచ్చు.

క్రొత్త నిబంధనలో సూది అనగానే గుర్తుకు వచ్చేది యొప్పేలోని తబిత. గ్రీకులో ఆమెకు దొర్కా అని పేరు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు ఆమె కుట్టిన అంగీలను, వస్త్రాలను చూపించారు. ఆమె చేసిన ప్రసంగాల ఊసు అక్కడ లేదు. సాక్ష్యంగా నిలిచింది చేతిపని. ఇక్కడ మరొక సంగతి కూడా గమనించాలి. ఆ వస్త్రాలు ఎవరు కుట్టారో అందరికీ తెలుసు. ఆమె పేరు ఆమె పనితో కలిసే ఉంది.

దొర్కా పేరుతో 19వ శతాబ్దంలో పాశ్చాత్య దేశాల సంఘాలలో కుట్టుపని సమాజాలు పుట్టాయి. బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో కలరా తగ్గిన తరువాత 1834లో డగ్లస్ పట్టణపు స్త్రీలు కృతజ్ఞతగా అలాంటి సమాజాన్ని ప్రారంభించారు. బీదలకు బట్టలు కుట్టి ఇవ్వడం వారి పని. మన స్త్రీల కూటాలలో కుట్టుపని పరిచర్యకు వెనుక ఈ చరిత్ర ఉంది. అమెరికాలోనూ ఇంగ్లాండులోనూ నేడు బొంతలు కుట్టేవారు ‘క్విల్టింగ్ గిల్డ్’ అనే పేరుతో చేరి నెలకోసారి కూడుకుంటారు, నేర్చుకుంటారు, ప్రదర్శనలు పెడతారు, ఆసుపత్రులకూ ఆశ్రమాలకూ బొంతలు ఇస్తారు. గిల్డ్ అనేది పాత మాట. మధ్యయుగాల ఐరోపాలో ఒకే వృత్తివారు చేరి పని నాణ్యతను చూసుకుంటూ, ధర నిలుపుకుంటూ, చనిపోయిన సభ్యుల విధవరాండ్రను ఆదుకుంటూ నడిపిన సంఘానికి ఆ పేరు. మన కూటాలు దొర్కా సమాజాలనుంచి దానగుణాన్ని నేర్చుకున్నాయి. పనికి ధర నిలిపే ఆ గిల్డ్ బుద్ధిని మాత్రం అంతగా నేర్చుకోలేదు.

ఈ లోటు ఎంత నష్టం చేయగలదో మన పొరుగు డెల్టాలోనే కనబడుతుంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న నరసాపురంలో 1844 ప్రాంతంలో మెక్రే అనే మిషనరీ దంపతులు స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని అక్కడి చరిత్ర చెబుతుంది. బీద కుటుంబాల స్త్రీలకు నాలుగు కాసులు దొరకాలన్నదే ఉద్దేశం. ఉద్దేశం మంచిది, పనితనం అంతకన్నా గొప్పది. సన్నటి నూలుదారంతో వారు అల్లిన మేజాగుడ్డలు సముద్రాలు దాటాయి. కాలక్రమంలో అది పెద్ద ఎగుమతి వ్యాపారమైంది. ఆ వ్యాపారం అల్లే స్త్రీల చేతుల్లో మాత్రం లేదు.

జర్మనీకి చెందిన పరిశోధకురాలు మరియా మీస్ 1970ల చివర్లో నరసాపురం ప్రాంతంలో తిరిగి, 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. ఆమె చూసినది ఇది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని కలిపే ‘అతుకుపని’ చేసేది మరొకరు. దారం తెచ్చి ఇచ్చి సరుకు పట్టుకుపోయేది మధ్యవర్తి. దానిని విదేశాలకు అమ్మేది ఎగుమతిదారు. వంటపని, పిల్లల పని చూసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లిన స్త్రీకి అందినది పొలంలో కూలికన్నా బాగా తక్కువ. కారణం ఒక్కటే. ఆమెను పనిమనిషిగా ఎవరూ లెక్కించలేదు. ఇంట్లో కూర్చుని తీరిక వేళ ఏదో అల్లుకుంటున్న గృహిణి అన్నారు. ‘తీరిక’ అన్న ఒక్క మాటతో కూలి మాయమైంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. ఊరికి దక్కిన ఆ గుర్తింపు అల్లిన చేతికి కూలిగా కూడా దక్కాలి కదా!

మన బందరు సంగతి ఇంకా పాతది. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ వర్తకశాల పెట్టినది గుడ్డ కోసమే. కోరమండల్ తీరపు అద్దకపు నూలుగుడ్డల మీద ఇంగ్లాండులో ఎంత మోజు పెరిగిందంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి వారు 1700లోనూ 1721లోనూ నిషేధపు చట్టాలు చేయవలసి వచ్చింది. ఇంగ్లాండులోని లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో 1708 ప్రాంతంలో కుట్టిన ఒక అతుకుల బొంత నేటికీ ఉంది. ఆ దేశంలో మిగిలిన అతుకుల బొంతలలో మిక్కిలి పాతదిగా దానిని చెబుతారు. దానిలోని ముక్కలు భారతదేశపు అద్దకపు గుడ్డలు. భవనం పేరు తెలుసు, దాని యజమానుల పేర్లు తెలుసు. ఆ గుడ్డను నేసినవారి పేరు, అద్దినవారి పేరు ఎవరికీ తెలియదు. యొప్పేలో తబితకు దక్కినది వారికి దక్కలేదు.

అయితే ఈ కథ వేరే విధంగానూ నడవగలదు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో నది వంపు మధ్య గీస్ బెండ్ అనే పల్లె ఉంది. ఒకప్పటి బానిసల సంతతివారు అక్కడ నివసిస్తారు. చిరిగిన పనిబట్టలు, పిండి సంచుల గుడ్డలతో అక్కడి స్త్రీలు తరతరాలుగా బొంతలు కుట్టారు. 1960లలో నల్లజాతివారు ఓటు హక్కు కోసం నిలబడినప్పుడు ఆ ఊరివారు నది దాటి పట్టణానికి వెళ్ళే బల్లకట్టు ఆగిపోయింది. 1962లో ఆగినది మళ్ళీ 2006లో గాని నడవలేదు. 1965లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ పల్లెకు వచ్చి మాట్లాడారు. ఓటరుగా పేరు నమోదు చేసుకున్నందుకు ఆ ప్రాంతంలో ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి.

ఆ సంవత్సరాంతంలో ఫ్రాన్సిస్ వాల్టర్ అనే ఎపిస్కోపల్ సంఘ పాదిరి దారిన పోతూ ఒక ఇంటి దండెం మీద ఆరవేసిన బొంతలు చూశారు. వాటిని సేకరించి న్యూయార్కులో వేలం వేయించి, వచ్చిన డబ్బును కుట్టిన స్త్రీలకే చేర్చారు. 1966లో ఆ స్త్రీలు ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘంగా ఏర్పడ్డారు. బొంతలు అమ్మారు, పెద్ద దుకాణాల ఆర్డర్లు పట్టారు, పనికి కూలి తీసుకున్నారు. 1969లో కుట్టుపని కోసం సొంత భవనం కట్టుకున్నారు. 23 ఎకరాల భూమి కొని, ఇళ్ళు పోగొట్టుకున్న కుటుంబాలకు అందులో స్థలాలు అమ్మారు. సూదితో సంపాదించిన డబ్బు నిలువ నీడైంది! 2012లో ఆ సహకార సంఘం మూతపడినా అది కల్పించిన నీడ నిజం. గీస్ బెండ్ బొంతలు తరువాత మ్యూజియాల గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికి వచ్చాయి. ఆ పేరుప్రఖ్యాతుల నడుమ డబ్బు పంపకంపై కొందరు స్త్రీలు 2007లో కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది, అది రాజీతో ముగిసింది. మంచి పని జరిగే చోట కూడా లెక్క స్పష్టంగా ఉండాలని దీనివల్ల తెలుస్తుంది.

ఇక మన ఊరికి వద్దాం. బొంత విలువ వరద వచ్చినప్పుడు తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన 10 వేలమందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, బ్రతికి బయటపడినవారికి ఆ చలి రాత్రులలో కప్పుకోను గుడ్డ లేదు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగాయి. నీళ్ళు తీశాక ప్రతి వీధిలో బురద పట్టిన పరుపులు కుప్పలుగా పడి ఉండడం మనమంతా చూశాం. పరుపు తడిస్తే పోయినట్టే. బొంతను మాత్రం ఉతికి, పిండి, రెండు ఎండలు చూపిస్తే మళ్ళీ పనికి వస్తుంది. అందుకే మా సంఘ స్త్రీలు పాత చీరలు పోగుచేసి బొంతలు కుట్టడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు వాటిని చూసినవారు తమకూ కావాలని, డబ్బు ఇస్తామని అడగసాగారు. ఎంత చెప్పాలి? అక్కడ చర్చ లేచింది.

“దేవుని పనికి లెక్కెందుకండీ అయ్యగారూ?” అని ఒక చెల్లెలు అడిగింది. మేము జవాబు వెతుక్కునేలోగా కూటంలో అందరికన్నా పెద్దావిడ, “ఇచ్చేది మనమైతే లెక్క అక్కర్లేదమ్మా. కొనుక్కునేవాళ్ళుంటే లెక్క కావాలి. నీ ఇంట్లో కరెంటు బిల్లు దేవుని పని అంటే ఆగుతుందా?” అన్నది. సెమినరీలో మేము చదివిన నీతిశాస్త్రం అంతా ఆ రెండు మాటల్లో ఇమిడిపోయింది. ఆనాటినుంచి రెండు మూటలు. దానానికి కుట్టేది ఒక మూట, దానికి కూలి లేదు. అమ్మకానికి కుట్టేది మరొక మూట. దానికి దారం ఖర్చు, పట్టిన గంటలు పుస్తకంలో వ్రాస్తారు. డబ్బు కుట్టిన చేతికే వెళ్తుంది, సంఘం పెట్టెలోకి కాదు. ఆమె అందులోనుంచి కానుక వేస్తే అది ఆమె ఇష్టం.

ఇది లోక వ్యవహారమని అనుకోవద్దు, ప్రియులారా. పొరుగువానిచేత ఊరికే పని చేయించుకొని మేడ కట్టుకున్న రాజు యెహోయాకీమును యిర్మీయా 22వ అధ్యాయంలో దేవుడు ఎంత కఠినంగా గద్దించాడో చూడండి. బిగబట్టిన కూలే మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం హెచ్చరిస్తున్నది. సామెతలు 31వ అధ్యాయాన్ని మనం పెళ్ళిళ్ళలో ఎంతో ఇష్టంగా చదువుతాం. ఆ స్త్రీ తెల్లవారకముందే లేవడం, దుప్పట్లు నేయడం గురించి చెప్పి, ఆమె చేతిపని ఫలాన్ని ఆమెకే ఇవ్వాలన్న చివరి వచనం దగ్గర తొందరపడి ముగిస్తాం. అక్కడే ఆగి చదవాలి.

దానం గొప్పది. అయితే దానం చేసే హక్కు కష్టపడినవారిది. ఒకరి కష్టాన్ని మరొకరు దానం చేయలేరు. తబిత తన చేతితో ఇచ్చింది కాబట్టే అది ధర్మకార్యమైంది.

మీ సంఘంలోనూ సూది పట్టే స్త్రీలు ఉంటారు. బలిపీఠపు గుడ్డల అంచులు, క్రిస్మస్ నాటకానికి గొర్రెల కాపరుల అంగీలు, పుట్టిన బిడ్డలకు పొత్తిగుడ్డలు వారి చేతినుంచే వస్తాయి. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వారిలో ఒకరినైనా పేరుపెట్టి పిలిచి, ఈ పనికి ఎన్నాళ్ళు పట్టిందమ్మా అని అడగండి. ఆమె మనస్ఫూర్తిగా ఇచ్చినదైతే కృతజ్ఞత చెప్పండి. కూలికి కుట్టినదైతే ప్రొద్దు గుంకకముందే ఆమె కూలి ఆమె చేతిలో పెట్టండి.