వెల్డింగు యంత్రము కొనబోవు రైతులకు

తొలకరి పడి దుక్కి సాగుచుండగా కల్టివేటరు కాలు విరిగినచో రైతు పడు బాధ ఇంతింత కాదు. దానిని ట్రాక్టరుపై పట్నమునకు కొనిపోయి, అతికించుకొని వచ్చునప్పటికి అదను దాటిపోవును. అందుచే మన సభ్యులలో పలువురు ఇంటి కొట్టమునందే యొక వెల్డింగు యంత్రము నుంచుకొనవలెనని తలంచుచున్నారు. తలంపు మంచిదే, కాని యెఱిగి కొనవలెను.

మణికొండ యొకప్పుడు పొలముల యూరు. 1998లో మాదాపురమున సైబర్ టవర్సు వెలసిన పిమ్మట ఆ ప్రాంతపు పొలములు క్రమముగా మేడలైనవి. అచ్చట గేట్లు, కిటికీ చువ్వలు అతుకు పనివారు ఇన్వర్టరు యంత్రమును చేతితో మోసికొని అంతస్తు లెక్కుదురు. పట్నమునకు పోయిన రైతు దానిని చూచి ముచ్చటపడి, సికిందరాబాదు రాణిగంజు అంగళ్లలో అట్టిదే బేరమాడును. అప్పుడు అడుగవలసిన సంగతులు మూడు గలవు.

మొదటిది, యంత్రముపై నున్న రేకు చదువవలెను. “200 ఆంపియర్లు, 60 శాతము” అని యుండిన, పది నిమిషములలో ఆఱు నిమిషములే ఆ బలముతో పని చేయవచ్చునని యర్థము. ఈ లెక్క సాధారణముగా 40 డిగ్రీల వేడికి కట్టినది. మన వేసవిలో ఇంకను విశ్రాంతి నీయవలెను. పెట్టెపై పెద్ద యక్షరములతో నున్న అంకెను మాత్రము నమ్మరాదు. 2.5 మిల్లీమీటర్ల రాడ్డునకు 60 మొదలు 90, 3.15 రాడ్డునకు 90 మొదలు 130 ఆంపియర్లు చాలును.

రెండవది, వోల్టేజి. పల్లెలో 230 వోల్టు లెల్లప్పుడు నుండవు. ఎంత తగ్గువఱకు యంత్రము పనిచేయునో వ్రాయించుకొనవలెను. ఇంటి దీపముల తీగకు దీనిని తగిలింపరాదు. వేఱు తీగ, స్విచ్చి, మంచి ఎర్తింగు ఏర్పఱచుకొనవలెను.

మూడవది, రకము. రాగితీగ చుట్టిన పాత ట్రాన్సుఫార్మరు యంత్రము బరువైనది, మొండిది. కరెంటు ఎక్కువ లాగును. ఇన్వర్టరు తేలిక, కరెంటు తక్కువ. కాని దుమ్మునకు, తేమకు ఓర్వదు. కొట్టములో ఊకదుమ్ము లేకుండ కాపాడవలెను.

యంత్రపు వెలతోనే ఖర్చు తీరదు. ముఖమునకు నల్లయద్దపు ముసుగు, తోలు చేతితొడుగులు తప్పనిసరి. అద్దము లేక మెఱుపును చూచినవాని కన్నులు రాత్రికి ఇసుక పోసినట్లు మండును. డీజిలు, పురుగుమందు నిలువయుండిన డబ్బాలను ఎన్నడును అతుకరాదు.

ఏటికి పదిమార్లు మాత్రమే పని గలవాడు అప్పుచేసి ఒంటరిగా కొనుటకంటె, పదుగురు వాటాలు వేసి సంఘపు గోదాములో నొకటి యుంచి, అద్దె పుస్తకము వ్రాయించుకొనుట మేలు. అదను అందఱకు దక్కును. అప్పు ఎవ్వరికిని మిగులదు.