మగ్గుకు 50 టన్నులు, మూతకు 87

నా బల్ల మీద రెండు వస్తువులు పెట్టుకుంటాను. ఒకటి స్నానానికి వాడే మగ్గు, దాదాపు 100 గ్రాములుంటుంది. రెండోది బిర్యానీ పార్సిల్ డబ్బా మూత, 5, 6 గ్రాములకు మించదు. జీడిమెట్లలో జాబ్‌వర్క్ చేసే ఓ ప్లాస్టిక్ మౌల్డింగ్ షాపులో కొటేషన్లు వేయడం నా పని. కొత్త పార్టీ ఎవరైనా వస్తే ఆ రెండూ ముందుకు జరిపి "వీటిలో దేనికి ఎక్కువ టన్నుల మెషిన్ కావాలంటారు?" అని అడుగుతాను. మగ్గుకే అంటారు. అడగాల్సిన అవసరమేముంది అన్నట్టు చూస్తారు కూడా. లెక్క వేస్తే మగ్గుకు 50 టన్నులు చాలు, మూతకు 87 కావాలి.

ఈ టన్నులు వస్తువు బరువువీ కావు, మెషిన్ బరువువీ కావు. అచ్చు రెండు సగాలుగా ఉంటుంది. దాన్ని మూసి, 200 డిగ్రీలు దాటి కరిగిన ప్లాస్టిక్‌ను స్క్రూతో లోపలికి తోస్తారు. ఖాళీ నిండేకొద్దీ ఆ ప్లాస్టిక్ రెండు సగాలనూ విడదీయాలని చూస్తుంది. విడిపోకుండా మెషిన్ పట్టి ఉంచే బలమే టన్నేజీ. మెషిన్ అద్దె గంటకింత అని ఆ టన్నేజీని బట్టే కడతాం కాబట్టి పార్టీ జేబుకు నేరుగా తగిలే అంకె ఇది.

లెక్కలో రెండే సంగతులున్నాయి. మొదటిది వైశాల్యం. అచ్చు తెరుచుకునే వైపు నుంచి లైటు వేస్తే వస్తువు నీడ ఎంత మేర పడుతుందో అంతే లెక్కకు వస్తుంది. లోతుతో పనిలేదు. మగ్గు గోడల మీద పడే ఒత్తిడి పక్కలకు నెడుతుంది, దాన్ని అచ్చు ఉక్కే భరిస్తుంది. పళ్ల క్రేటు అడుగున ఉండే కంతల్లాంటివి నీడలోంచి తీసెయ్యాలి. మా మగ్గు మూతి 13 సెంటీమీటర్లు. అంటే 133 చదరపు సెంటీమీటర్లు, పిడికి ఇంకో 20 కలిపితే 153. మూత అడ్డం 12 సెంటీమీటర్లు, వైశాల్యం 113. ఇంతవరకు మగ్గుదే పైచేయి.

తిరకాసంతా రెండోదాంట్లో, అంటే లోపలి ఒత్తిడిలో ఉంది. రెండూ పాలీప్రొపిలీనే. కానీ మగ్గు గోడ మందం 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, మూతది అర మిల్లీమీటరు. కరిగిన ప్లాస్టిక్ చల్లటి ఉక్కును తాకగానే అంచుల్లో గడ్డకడుతుంది. మందం ఉన్నచోట నడిమి దారి తెరిచే ఉంటుంది. అర మిల్లీమీటరులో ఆ దారి రెండువైపుల నుంచీ మూసుకొస్తుంది, పూర్తిగా మూసుకునేలోపు సెకనులో చిన్న వంతులో అంచుదాకా కొట్టాలి. అందుకు ఒత్తిడి విపరీతంగా పెంచాల్సి వస్తుంది. కాబట్టి మగ్గుకు చదరపు సెంటీమీటరుకు 0.3 టన్ను పెడితే, మూతకు 0.7 పెడతాను. 153ను 0.3తో గుణిస్తే 46, 113ను 0.7తో గుణిస్తే 79. పైన 10 శాతం భద్రతకు. అలా వచ్చినవే ఆ 50, 87.

పార్టీలకు నచ్చనిది ఇక్కడే వస్తుంది. "గ్రాము తగ్గించండి, మెటీరియల్ మిగులుతుంది" అంటారు. మెటీరియల్ మిగిలే మాట నిజమే, మెషిన్ మాత్రం పెద్దదవుతుంది. ఒక్క దెబ్బకు నాలుగు మూతలు రావాలంటే 348 టన్నులు. 350 టన్నుల మెషిన్ సరిపోతుందని కాగితం చెబుతుంది కానీ నేను 400 రాస్తాను. అదీ హాట్ రన్నర్ అచ్చయితేనే, అంటే ప్లాస్టిక్ పారే దారి గడ్డకట్టకుండా వేడిగా ఉండే అచ్చయితేనే. మామూలు రన్నర్ మూతల పక్కనే పరుచుకుంటే దాని నీడనూ కలపాలి. మగ్గంత మందానికి ఏబీఎస్ ప్లాస్టిక్‌కు ఒత్తిడి ఇంకొంచెం ఎక్కువ, చిక్కగా పారే పాలీకార్బొనేట్‌కైతే 0.5 నుంచి 0.8 దాకా పోతుంది.

టన్నులు చాలకపోతే ఏమవుతుందో చేత్తో తడిమితే తెలుస్తుంది. అచ్చు రెండు సగాలూ కలిసే గీత వెంట పల్చటి పొర బయటికొస్తుంది, గోటితో లాగితే దారంలా ఊడుతుంది. దీన్ని ఫ్లాష్ అంటాం. బల్ల దగ్గర కూర్చుని బ్లేడుతో ఒక్కో పీసుకూ అది గీకేవాళ్ల కూలి కొటేషన్‌లో ఎవరూ వేయరు.

అలాగని నిండుగా బిగిస్తే మేలని కూడా కాదు. అచ్చు అంచున గాలి పోవడానికి మిల్లీమీటరులో రెండు మూడు నూరో వంతుల లోతున సన్నటి గాట్లు పెడతారు. అతిగా నొక్కితే అవి అణిగిపోతాయి. లోపల చిక్కుకున్న గాలి నలిగి వేడెక్కి ప్లాస్టిక్‌ను కాల్చేస్తుంది, పీసు చివర నల్లటి మచ్చ పడుతుంది. మెషిన్ బిగింపును మోసే ఉక్కు కడ్డీలు, అంటే టై బార్లు సాగుతాయి, అచ్చు అంచులు అరుగుతాయి, కరెంటూ దండగ.

మళ్లీ మగ్గు సంగతికొస్తే, దాన్ని 50 టన్నుల మెషిన్ మీద నడపలేం. అచ్చు ఆ టై బార్ల మధ్య పట్టదు, పట్టినా మగ్గు బయటికి ఊడిపడేంత దూరం ఆ మెషిన్ తెరుచుకోదు. అందుకే 120 టన్నుల దాని మీద ఎక్కించి, లాక్, అంటే బిగింపు, మాత్రం తగ్గించి పెడతాం. మెషిన్ ఎంపిక ఒకటి, బిగింపు అంకె ఇంకొకటి.

చర్లపల్లిలోని ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సీపెట్‌లో చదివి వచ్చిన పిల్లలు నా గుణకారాన్ని చూసి నవ్వుతారు. కాలిన్ ఆస్టిన్ 1978లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన మోల్డ్‌ఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్ ఏ మూల ఎంత ఒత్తిడో రంగులేసి చూపిస్తుంది. ఖరీదైన అచ్చు చెక్కేముందు అది చూడాల్సిందే. మగ్గు రేటు ఫోన్లో అడిగేవాడికి గుణకారమే చాలు.

అసలు అంకె తేలేది అచ్చు మెషిన్ ఎక్కాకే. ముందు కాస్త ఎక్కువే బిగించి, లాక్ ఐదేసి టన్నులు దించుతూ పోతాం. ప్రతిసారీ నాలుగైదు పీసులను గ్రాములో వందో వంతు చూపే కాటా మీద తూస్తాం. కొంతదాకా బరువు కదలదు. ఒకచోట ఉన్నట్టుండి పెరుగుతుంది. ఫ్లాష్ ఇంకా కంటికి కనబడకపోయినా, అచ్చు అక్కడ వెంట్రుకవాసి తెరుచుకుందన్నమాట. ఆ పైన 10 శాతం కలిపి సెట్టింగ్ షీట్‌లో రాస్తాం. రాత్రి షిఫ్టులో ఏ చిన్న ఫ్లాష్ కనబడినా లాక్‌ను చివరిదాకా ఎక్కించేసే అలవాటు ఆపరేటర్లకు ఉంటుంది కాబట్టి ప్యానెల్‌కు పాస్‌వర్డ్ కూడా పెడతాం.