గల్లాపెట్టె ముందు గళ్ల కాగితం

కిరాణా కొట్టులో కందిపప్పు, చింతపండు కొంటాం. గల్లాపెట్టె పక్కన అంటించిన గళ్ల కాగితానికి ఫోన్ చూపించి, నాలుగో ఆరో అంకెలు నొక్కుతాం. "పడ్డాయా అన్నా?" అని అడిగేలోపే కౌంటర్ మీది చిన్న స్పీకర్ ఎంత పడిందో తెలుగులోనే చెబుతుంది. ఇంత జరిగినా మన ఫోన్‌లోంచి ఒక్క రూపాయి కూడా బయటికి పోలేదు. పోవడానికి అందులో రూపాయి ఉంటే కదా! ఆ కాగితంలోనూ లేదు. ఫోన్ పంపింది ఒక ఆదేశం మాత్రమే: నా ఖాతాలోంచి ఇంత తీసి ఫలానా ఖాతాలో వెయ్యండి అని. ఆ ఆదేశాన్ని నమ్మి, రెండు వేర్వేరు బ్యాంకులు కొన్ని సెకన్లలో లెక్కలు మార్చేసుకోవడమే అసలు విశేషం.

ఫోన్‌తో డబ్బు కట్టడమనే ఆలోచన మనతో మొదలైంది కాదు. 1997లోనే ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఎస్సెమ్మెస్ పంపితే శీతల పానీయం ఇచ్చే కోకాకోలా యంత్రాలు పెట్టారు. 2004లో జపాన్‌లో ఎన్‌టీటీ డొకోమో సంస్థ సోనీవారి ఫెలికా చిప్‌ను ఫోన్లలోకి చేర్చింది. దుకాణంలోని యంత్రానికి ఫోన్ తాకిస్తే చాలు, డబ్బు కట్టినట్టే. 2007లో కెన్యాలో సఫారీకామ్ తెచ్చిన ఎం-పెసా స్మార్ట్‌ఫోన్ లేకుండానే, మామూలు బటన్ ఫోన్‌తో డబ్బు పంపే దారి చూపింది. బ్యాంకు గడప తొక్కని లక్షల మందికి అది ఆసరా అయింది. 2014లో అమెరికాలో ఆపిల్ పే వచ్చింది.

వీటిలో జపాన్, అమెరికా పద్ధతులకు ఒక ఖర్చు ఉంది. అమ్మేవాడి దగ్గర ఫోన్‌ను గుర్తుపట్టే యంత్రం ఉండాలి. దానికి కరెంటు కావాలి, నెట్ కావాలి, చాలాచోట్ల అద్దె కూడా కట్టాలి. మాల్‌లోని దుకాణానికి అది లెక్క కాదు. మరి రైతుబజారులో తోటకూర కట్టలు పరిచి కూర్చున్న అవ్వ సంగతి? ఆమె దగ్గర యంత్రం ఉండదు, అచ్చువేసిన కాగితం మాత్రం ఉండగలదు. తెలివంతా కొనేవాడి ఫోన్‌లో పెట్టి, అమ్మేవాడి చేతికి కాగితం మాత్రమే ఇవ్వడం ఈ కథలో నాకు అన్నింటికన్నా గొప్పగా కనిపించే నిర్ణయం. 2011లో చైనాలో అలీపే ఆ దారి పట్టింది, తర్వాత వీచాట్ అదే దారిలో నడిచింది. మనం ఆ కాగితాన్ని తీసుకుని, దాని వెనక వేరే రకం పునాది వేశాం.

ముందు కాగితం సంగతి, అంటే దాని మీది క్యూఆర్ కోడ్ సంగతి. దాని పుట్టిల్లు జపాన్‌లోని ఐచీ రాష్ట్రం. అక్కడ డెన్సో అనే సంస్థ టయోటా కార్లకు విడిభాగాలు చేస్తుంది. 1990ల మొదట్లో ఆ ఫ్యాక్టరీల్లో విడిభాగాల పెట్టెల మీద నిలువు గీతల బార్‌కోడ్లు ఉండేవి. ఒక్కో బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకు మించి పట్టేవి కావు. అందుకని ఒకే పెట్టె మీద పక్కపక్కన చాలా బార్‌కోడ్లు అంటించేవారు. ఒక్కో కార్మికుడు రోజుకు వెయ్యిదాకా వాటిని చదివించాల్సి వచ్చేది. దీనికి విరుగుడు వెతికే పని మసహిరో హారా అనే ఇంజనీరు మీద పడింది. ఆయన జట్టులో ఉన్నది ఇద్దరే. మధ్యాహ్న భోజన విరామంలో గో అనే ఆట ఆడుతుండగా, గళ్ల పలక మీద నలుపు తెలుపు రాళ్లు చూసి ఆలోచన తట్టిందని హారా తర్వాత చెప్పారు. గీతల్లో సమాచారం అడ్డంగా మాత్రమే పరుచుకుంటుంది. గళ్లలో అడ్డంగానూ నిలువుగానూ పరచవచ్చు.

గళ్లలో సమాచారం నింపడం అంత కష్టం కాదు. అక్షరాల మధ్య, బొమ్మల మధ్య ఆ గళ్ల చదరం ఎక్కడుందో యంత్రం క్షణంలో పట్టుకోవడమే కష్టం. అందుకే మూడు మూలల్లో మూడు చదరపు గుర్తులు పెట్టారు. ఏదో అందం కోసం పెట్టినవి కావవి. ఆ గుర్తు నడిమధ్యగా ఏ వైపు నుంచి గీత గీసినా నలుపు 1, తెలుపు 1, నలుపు 3, తెలుపు 1, నలుపు 1 అనే నిష్పత్తి వస్తుంది. ఈ నిష్పత్తి కోసం హారా జట్టు పత్రికలు, కరపత్రాలు, అట్టపెట్టెల మీది అచ్చు అన్నీ ముందేసుకుని, నలుపు తెలుపులు ఏ నిష్పత్తిలో అతి అరుదుగా కనిపిస్తాయో వెతికింది. దొరికినదే 1:1:3:1:1. మామూలు అచ్చులో అది దాదాపు కనబడదు కాబట్టి, కనబడిన చోట క్యూఆర్ కోడ్ ఉన్నట్టే. నాలుగో మూలలో గుర్తు లేకపోవడం వల్ల కాగితం ఎటు తిరిగి ఉందో కూడా తెలిసిపోతుంది. ఫోన్‌ను ఏటవాలుగా పట్టినా, తలకిందులుగా పట్టినా పని జరగడం ఆ మూడు మూలల పుణ్యమే.

1994లో ఇది బయటికొచ్చింది. ఫ్యాక్టరీలో నూనె మరకలు, గీతలు పడటం మామూలే కనుక, కొంత చెరిగినా చదవగలిగేలా కట్టారు. దానికి వాడిన లెక్క 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే అమెరికన్ గణితజ్ఞులు ఇచ్చినది. దాని ఆయువుపట్టు మనం బడిలో నేర్చుకున్నదే: రెండు బిందువులు తెలిస్తే వాటి మీదుగా వెళ్లే సరళరేఖ ఒక్కటే. ఆ రేఖ మీద రెండుకు బదులు నాలుగు బిందువులు రాసి ఇస్తే, ఏ రెండు చెరిగిపోయినా మిగతా రెండింటితో రేఖను మళ్లీ గీయొచ్చు. క్యూఆర్ కోడ్‌లోనూ ఇలాగే అవసరానికి మించి గళ్లు నింపుతారు. రక్షణ స్థాయిని బట్టి సుమారు 7 నుంచి 30 శాతం దాకా పాడైనా పాఠం తిరిగి దొరుకుతుంది. టీ కొట్టులో పాలు చిందిన కాగితం, ఎండకు వెలిసిన కాగితం, మధ్యలో కంపెనీ గుర్తు అచ్చేసిన కాగితం ఇప్పటికీ పనిచేస్తున్నాయంటే కారణం అదే.

డెన్సో పేటెంట్ తీసుకుంది కానీ, ప్రమాణాల ప్రకారం కోడ్ వాడుకునేవారి మీద ఆ హక్కు ప్రయోగించబోమని ప్రకటించింది. ముద్రించిన ప్రతి కాగితానికీ పైసలు అడిగి ఉంటే, తోటకూర అవ్వ పక్కన ఆ చదరం ఉండేదే కాదు.

ఇక రెండో సగం, అంటే కాగితం వెనకున్న పునాది, హైదరాబాద్‌లో మొదలవుతుంది. ఈ సంగతి మనవాళ్లకే పెద్దగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఏటీఎంలు కొత్తగా వచ్చిన రోజుల్లో ఏ బ్యాంకు కార్డు ఆ బ్యాంకు ఏటీఎంలోనే పనిచేసేది. పక్క బ్యాంకు ఏటీఎంలో డబ్బు రావాలంటే, "ఈ ఖాతాదారు మీవాడేనా, ఖాతాలో అంత ఉందా?" అని ఒక బ్యాంకు యంత్రం మరో బ్యాంకును అప్పటికప్పుడు అడగగలగాలి. ప్రతి బ్యాంకూ ప్రతి బ్యాంకుతో విడిగా తీగ కలుపుకోవడం అయ్యే పని కాదు. అన్నీ ఒకే నడిమి కేంద్రానికి కలిస్తే చాలు. ఆ కేంద్రాన్నే స్విచ్ అంటారు. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాద్‌లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ అలాంటి జాతీయ స్విచ్‌ను కట్టింది. 2004 ఆగస్టు 27న అది మూడే మూడు బ్యాంకుల ఏటీఎంలతో మొదలైంది: కార్పొరేషన్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఐసీఐసీఐ. అప్పుడు రిజర్వు బ్యాంకు గవర్నరు కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి. 2009 డిసెంబరులో ఈ స్విచ్‌ను కొత్తగా ఏర్పడ్డ జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐకి అప్పగించారు. అప్పటి గవర్నరు దువ్వూరి సుబ్బారావు కూడా తెలుగువారే.

ఏటీఎంల కోసం వేసిన ఆ బాట మీదే 2010 నవంబరులో ఐఎంపీఎస్ వచ్చింది. ఆదివారమైనా అర్ధరాత్రయినా ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు అప్పటికప్పుడు డబ్బు వెళ్లే ఏర్పాటది. అంతకుముందు నెఫ్ట్‌లో పంపితే బ్యాంకు వేళలు చూసుకోవాల్సి వచ్చేది, విడత కోసం ఎదురుచూడాల్సి వచ్చేది. ఐఎంపీఎస్ ఆ నిరీక్షణను తీసేసింది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. డబ్బు పంపాలంటే అవతలివారి ఖాతా నంబరు, దాంతోపాటు 11 అక్షరాల ఐఎఫ్ఎస్‌సీ కావాలి. లేదంటే ఫోన్ నంబరు, ఏడంకెల మరో గుర్తింపు సంఖ్య కావాలి. అయిదు రూపాయల కొత్తిమీరకు ఇవన్నీ ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

2016 ఏప్రిల్ 11న అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు రఘురామ్ రాజన్ ఆవిష్కరించిన యూపీఐ ఆ చిక్కు విప్పింది. ఖాతా నంబరు స్థానంలో ఒక చిన్న చిరునామా వచ్చింది. ఆ చిరునామాను గళ్లలో అచ్చేస్తే అదే మన గల్లాపెట్టె పక్కనున్న కాగితం. అందులో ఉన్నది ఒక్క వరుస వాక్యం: ఇది యూపీఐ చెల్లింపు, అందుకునేవారి చిరునామా ఇది, పేరు ఇది, డబ్బు రూపాయల్లో. ఎంత అన్నది ఖాళీగా ఉంటుంది, మనమే నింపుతాం. పెట్రోలు బంకులోనో సూపర్‌మార్కెట్‌లోనో తెర మీద అప్పటికప్పుడు వచ్చే కోడ్‌లో మొత్తం కూడా నింపేసి ఉంటుంది.

స్కాన్ చేసి పిన్ నొక్కాక ఏమవుతుందో చూద్దాం. ఆదేశం మన యాప్ నుంచి దానికి అండగా ఉన్న బ్యాంకు ద్వారా ఎన్‌పీసీఐ స్విచ్‌కు చేరుతుంది. స్విచ్ ఆ చిరునామా వెనక ఉన్న అసలు ఖాతా ఏదో కనుక్కుంటుంది. మన బ్యాంకును అడుగుతుంది. మన బ్యాంకు పిన్ సరిచూసి, నిల్వ చూసి, డబ్బు తగ్గించి సరేనంటుంది. అప్పుడు కొట్టాయన బ్యాంకుకు కబురు వెళ్తుంది, అక్కడ డబ్బు పెరుగుతుంది. ఆ జవాబు వెనక్కి వచ్చాక మన తెర మీద పచ్చ టిక్కు పడుతుంది. ఇన్ని మజిలీలు దాటడానికి పట్టేది కొన్ని సెకన్లే. ఎక్కడైనా ఒక మజిలీ జవాబివ్వకపోతే మనకు డబ్బు తగ్గి, కొట్టాయనకు పడని ఆ గాభరా క్షణం వస్తుంది. అలా మధ్యలో చిక్కిన డబ్బు తిరిగి ఖాతాకు చేరే ఏర్పాటు వ్యవస్థలోనే ఉంది.

ఇంకో సంగతి ఉంది. ఆ క్షణంలో రెండు బ్యాంకుల మధ్య నిజంగా డబ్బు కదలదు. ఇద్దరి ఖాతాల్లో అంకెలు మారతాయి. ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో కూడికలు తీసివేతలు చేసి, మిగిలిన తేడాను రోజులో కొన్ని విడతలుగా రిజర్వు బ్యాంకులోని ఖాతాల ద్వారా తీర్చుకుంటాయి.

చాలామంది ఫోన్‌పేనో గూగుల్ పేనో తమ డబ్బు దాచిపెట్టిందనుకుంటారు. యూపీఐలో అవి వాకిళ్లు మాత్రమే, డబ్బు బ్యాంకులోనే ఉంటుంది. పిన్ నొక్కే పేజీ కూడా యాప్‌ది కాదు, ఎన్‌పీసీఐ ఇచ్చింది. అక్కడ నొక్కిన అంకెలు అక్కడే గుప్తలిపిగా మారతాయి, యాప్‌కు కనిపించవు. ఒకరి పిన్ మరొకరికి తెలిసినంత మాత్రాన వేరే ఫోన్‌లోంచి డబ్బు తీయలేరు, ఎందుకంటే మొదట నమోదు చేసుకునేటప్పుడే మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ వెళ్లి ఆ ఫోన్‌ను ఖాతాతో ముడివేస్తుంది. ఫోన్, పిన్ రెండూ కలిస్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఈ కట్టుబడి తెలిస్తే మోసం కూడా తేలిగ్గా పట్టుబడుతుంది. పిన్ అనేది డబ్బు తీయడానికి మన బ్యాంకుకు మనమిచ్చే అనుమతి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీకే డబ్బులు పడతాయి" అని ఎవరన్నా అన్నారంటే, మీ డబ్బు మీ చేతే తీయిస్తున్నారన్నమాట. అలాగే, కాగితంలో ఉన్నది మామూలు వాక్యం కనుక దాన్ని ఎవరైనా అచ్చేసి, కొట్టాయన కాగితం మీద తమది అంటించగలరు. పిన్ నొక్కే ముందు తెర మీద వచ్చే పేరు చదవడం అందుకే ముఖ్యం. కౌంటర్ మీది స్పీకర్‌లో సిమ్ ఉంటుంది. కొనేవాడు చూపించే తెరను నమ్మాల్సిన అవసరం లేకుండా, డబ్బు నిజంగా పడ్డప్పుడే అది పలుకుతుంది. నూనెలో పూరీలు వేస్తున్న మనిషి చెయ్యి తుడుచుకుని ఫోన్ చూడలేడు కదా.

2016 డిసెంబరులో, పెద్ద నోట్ల రద్దు తర్వాతి నెలలో, యూపీఐ చెల్లింపులు సుమారు 20 లక్షలు. 2019 అక్టోబరులో నెలకు 100 కోట్లు దాటాయి. 2023 ఆగస్టులో 1,000 కోట్లు, 2025 ఆగస్టులో 2,000 కోట్లు. చిన్న మొత్తాల రద్దీ బ్యాంకుల మీద పడకుండా యూపీఐ లైట్ అని మరో ఏర్పాటు 2022లో వచ్చింది. అందులో కొంత సొమ్ము ముందే పక్కన పెట్టుకుంటే, టీకి బిస్కెట్‌కి పిన్ లేకుండానే కట్టొచ్చు.

ఈ మొత్తానికి అయ్యే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న ఇంకా తేలలేదు. 2020 జనవరి నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారుల దగ్గర బ్యాంకులు రుసుము తీసుకోకూడదు. సర్వర్లు, నెట్‌వర్కులు మాత్రం ఊరికే నడవవు. పెద్ద దుకాణాల దగ్గర కొంత తీసుకోవచ్చేమో గానీ, రోజుకు కొన్ని వందల బేరం చేసే తోటకూర అవ్వ దగ్గర ఒక్క పైసా తీసుకున్నా ఆ కాగితం చింపేస్తుందని నా నమ్మకం. ఆమెకు అది తప్పించేది చిల్లర వెతుకులాట ఒక్కటే, అంతకుమించి లాభమేం లేదు.

బయటే ఉండిపోయినవాళ్లు కూడా ఉన్నారు. బటన్ ఫోన్లవారికోసం 2022 మార్చిలో 123పే వచ్చింది. ఒక నంబరుకు కాల్ చేసి, వినిపించే మాటల్ని అనుసరిస్తూ డబ్బు పంపొచ్చు. ఇక ఫోన్ ఉండి, దాన్ని వాడటం రాని పెద్దవాళ్ల సంగతి. వాళ్లు ఫోన్‌నూ పిన్‌నూ కలిపి పక్కింటి కుర్రాడి చేతిలో పెడుతుంటారు. అలా రెండూ ఒకరికే అప్పగిస్తే పైన చెప్పిన కాపలా అంతా వృథా. అందుకే 2024లో యూపీఐ సర్కిల్ తెచ్చారు. కొడుకో కూతురో తమ ఖాతా నుంచి అమ్మానాన్నలు ఖర్చుపెట్టుకునేలా వాళ్ల ఫోన్‌ను జతచేస్తారు. నెలకు ఇంత అని పరిమితి పెట్టొచ్చు, లేదా ప్రతిసారీ తామే ఇక్కణ్ణుంచి సరే అనొచ్చు. ఊళ్లో నాన్న మందుల షాపులో స్కాన్ చేస్తే, హైదరాబాద్‌లో కూతురి ఫోన్ మోగుతుంది. ఆమె బిల్లు చూసి, తన పిన్ తానే నొక్కుతుంది.