వర్చువల్ మెషీన్ల నిర్వహణలో స్క్రిప్టు: తొలగింపు సమస్య

సామర్లకోట వంటి పట్టణంలోని కళాశాల ప్రయోగశాలలో ముప్పై వర్చువల్ మెషీన్లను సెమిస్టరుకొకసారి మౌసుతో సిద్ధపరచడం శ్రమతో కూడిన పని. విండోస్ సర్వర్ 2012లో హైపర్-వికి పవర్‌షెల్ ఆదేశాలు చేరడంతో (అప్పటి సర్వర్ విభాగాధిపతి హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల) అది కొన్ని పంక్తుల స్క్రిప్టుకు కుదించుకున్నది. 'న్యూ-వీఎమ్' యంత్రాన్ని సృష్టిస్తుంది. 'చెక్‌పాయింట్-వీఎమ్' దాని స్థితిని భద్రపరుస్తుంది.

చిక్కు 'రిమూవ్-వీఎమ్'తోనే. అది యంత్రపు అమరికను తొలగిస్తుందే గాని వర్చువల్ హార్డ్‌డిస్కు ఫైళ్లను తాకదు. ఇవి పేరుకొని సర్వర్ డిస్కు నిండినప్పుడు, పరీక్షల వేళ నడుస్తున్న యంత్రాలు సైతం నిలిచిపోవచ్చు. కావున ఫైళ్ల మార్గాలను ముందే 'గెట్-వీఎమ్‌హార్డ్‌డిస్క్‌డ్రైవ్'తో సేకరించాలి. అయితే చెక్‌పాయింటు ఉన్న యంత్రంలో ఆ ఆదేశం మూలడిస్కును గాక భేదడిస్కును చూపుతుంది. చెక్‌పాయింట్లను తొలగించి, విలీనం ముగిసిన పిమ్మటనే సేకరణ జరగాలి. తొలగింపు ఆదేశానికి 'వాట్ఇఫ్' జోడించి నడిపితే ఏ యంత్రాలు పోతాయో తెరపై కనిపిస్తుంది, ఏదీ పోదు.