పెక్కు చిత్రముల నుండి ఒక స్పష్టచిత్రము

నూజివీడు ప్రాంతమున పాత మామిడితోటలలో చెట్టునకును చెట్టునకును నడుమ సుమారు 10 మీటర్ల ఎడముండును. సెంటినెల్-2 అను ఐరోపా ఉపగ్రహము పంపు చిత్రములలో మిక్కిలి సూక్ష్మమైన గడియు భూమిపై 10 మీటర్ల చదరమే. కనుక ఒక చెట్టును, దాని చుట్టునున్న నేలయు కలిసి ఒకే వర్ణముగా గోచరించును. పచ్చని చెట్టేదో, ఎండినదేదో తెలియరాదు. గాలివాన వెలిసిన పిమ్మట నష్టమును లెక్కింపవలసి వచ్చినచో రైతునకిది స్వల్పవిషయము కాదు.

ఒకే చిత్రమును ఎంత పెద్దది చేసినను గడి పెరుగునే గాని అందు క్రొత్త విషయము చేరదు. అదే స్థలమును పలుమారులు చిత్రించి, ప్రతిసారియు గడులు ఇంచుక జరిగిపడినచో మాత్రము మార్గము కలదు.

అదెట్లో మామిడిపండ్లతోనే చూతము. మూడు చిన్నరసాలు వరుసగా నున్నవి. త్రాసు ఒకేసారి రెండు స్థానములను తూచునది. వరుస మొదట ఖాళీస్థానమును, మొదటి పండును కలిపి తూచగా 200 గ్రాములు; మొదటి రెండు పండ్లు 500; తరువాతి రెండు 550. ఇపుడు పండ్ల బరువులు వరుసగా 200, 300, 250 అని తేలును. ఏ పండును విడిగా తూచలేదు. తూనికలు ఒకదానిపై నొకటి ఒరసికొనుటచే విడి బరువులు బయటపడినవి. కాని మొదటి తూనికలో 5 గ్రాముల తప్పున్నచో అది వరుస పొడవునను సాగును. అందుచేతనే రెండు చిత్రములతో తృప్తిపడక పెక్కింటిని గ్రహింతురు.

ఈ పద్ధతిని 1984లో త్సాయ్, హువాంగ్ అను శాస్త్రజ్ఞులు గణితరూపమున ప్రతిపాదించిరి. 2002లో ఫ్రాన్సు దేశము ప్రయోగించిన స్పాట్-5 ఉపగ్రహము, అరగడి ఎడముతో తీసిన రెండు 5 మీటర్ల చిత్రములను కలిపి 2.5 మీటర్ల చిత్రమునిచ్చెను. చేతిలోని ఫోనుతో తీసిన వీడియోలోను చేతివణుకే గడులను జరుపును.

ఇందుకు మూడు నియమములు కలవు. చిత్రములు అచ్చముగా ఒకే స్థానమున పడరాదు. అట్లు పడినచో మచ్చలు తగ్గునే గాని వివరము పెరుగదు. నడుమ దృశ్యము మారరాదు. గాలికి కదలు ఆకులు లెక్కను చెరచును. కటకమే మసకబారినచో గడులను జరిపియు లాభములేదు.

నేడు కృత్రిమమేధ ఒక్క చిత్రము నుండియే కొమ్మలను, ఆకులను చక్కగా చూపగలదు. అది పూర్వము చూచిన తోటలను బట్టి చేసిన ఊహ. ఈ తోటను కొలిచినది కాదు. అందమునకు అది చాలును. పరిహారము లెక్కకు చాలదు. అట్టి చిత్రమును ఎవరైన చూపినపుడు, ఎన్ని చిత్రములను కలిపిరో, మూలచిత్రము లెక్కడనున్నవో మనమడుగవలెను. సందేహము తీరనిచో తోటలోనికి పోయి చెట్లను లెక్కించుటయే న్యాయము.