చేసిన పనికి దాఖలా

పూర్వము కాశికి పోయివచ్చిన తెలుగువారు అనేకులు. వారి ప్రయాణములు పెక్కు వారితోనే అంతరించినవి. ఏనుగుల వీరాస్వామయ్యగారి ప్రయాణము మాత్రము నేటికిని నిలిచియున్నది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18న బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరెను. మజిలీ మజిలీకి దూరము, బాటతీరు, నీటివసతి, అంగళ్లు వ్రాసి యుంచెను. 1836లో ఆయన కన్నుమూసెను. 1838లో ఆ వ్రాతలు ‘కాశీయాత్ర చరిత్ర’గా వెలువడినవి.

తలపెట్టిన పనుల పట్టిక వ్రాయుట సులభము. చేసిన పనుల లెక్క వ్రాయుటకు నిబ్బరము కావలెను. ఏమియు చేయని నాడు ఖాళీ పుటయే నిలదీయును. విద్యార్థి తాను చదివినది, ఉపాధ్యాయుడు తాను బోధించినది ఆ రాత్రియే రెండు పంక్తులలో వ్రాసికొన్నచో, ఏడాది చివర ఎవరి శ్రమ వారికే కనబడును. జ్ఞాపకము పొగడ్తకు లొంగును. నాటి వ్రాత లొంగదు.